జనవరిలో వియన్నా

స్కార్‌బరోలో సముద్రం ఒడ్డున బోర్డింగ్ హౌస్ నడిపేవాళ్ళకు వేసవి సెలవులంటూ ఉండవు. ఊరికి వేసవి వచ్చిందంటే వాళ్ళకు చాకిరీ వచ్చినట్టే. ఈస్టర్ మొదలు సెప్టెంబరు దాకా లీడ్స్ నుంచీ బార్న్‌స్లీ నుంచీ జనం పిల్లాజెల్లాతో, పెట్టెలతో, ఇసుకలో ఆడుకునే బకెట్లతో దిగుతారు. వాళ్ళు గాలి పీల్చుకోవాలంటే వీళ్ళు ఊపిరి బిగబట్టుకుని పని చెయ్యాలి. ఎడ్నా అక్రాయిడ్ పెళ్ళి చేసుకుని ఆ ఇంట్లో అడుగు పెట్టిన నాటినుంచి జులై నెల సముద్రాన్ని వంటింటి కిటికీలోంచి తప్ప చూసి ఎరగదు.

ఇల్లు అత్తగారి కాలంనాటిది. నాలుగంతస్తులు, ఇరుకు మెట్లు, గదికో చేతులు కడుక్కునే తొట్టి. ఎడ్నా పొడుగాటి మనిషి, ఎముకల గూడు, కోపం ముక్కుమీదే ఉండేది. ఆమె దుప్పటి పరిస్తే ముడత ఉండేది కాదు, మాట అంటే మెత్తదనం ఉండేది కాదు. పొద్దుటి ఫలహారం కాగానే బస దిగినవాళ్ళంతా బయటికి పోవలసిందే, వాన పడుతున్నా సరే. చీపురు పట్టుకుని ఆమె గుమ్మం దగ్గర నిలబడితే ఎవరికీ నోరు పెగిలేది కాదు. ఆమె భర్త సిరిల్ పొట్టివాడు, గుండ్రటి మొహంవాడు, నెమ్మదస్తుడు. పొద్దున్నే లేచి గుడ్లూ పంది మాంసమూ వేయించేది అతను. కుళాయిలు బాగుచేసేదీ, పెట్టెలు మోసేదీ అతనే. భార్య వానలోకి తరిమిన వాళ్ళకు వెనకనుంచి వెళ్ళి గొడుగులు అందించేదీ అతనే.

పిల్లలు కలగలేదు. సీజన్‌లో ఇద్దరూ మొగుడూ పెళ్ళాల్లా మాట్లాడుకునే తీరికా ఉండేది కాదు. కిటికీ బల్లకి రెండు గుడ్లు, పచ్చసొన గట్టిగా, మూలబల్లకి రొట్టెముక్కలు, అంతే వాళ్ళ సంసారం. రాత్రి మంచమెక్కేసరికి మాట్లాడాల్సిన మాటలు నిద్రలో కలిసిపోయేవి.

అందుకని జనవరి వాళ్ళది. ఆ వీధిలో బోర్డింగ్ హౌసులవాళ్ళు చాలామంది జనవరిలో ఇళ్ళకు తాళాలు వేసి, వెచ్చగా ఉంటుందని స్పెయిన్ తీరానికి పోయేవారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు సిరిల్‌కు మాత్రం పెద్ద పెద్ద నగరాలు చూడాలని ఉండేది. బ్రస్సెల్స్, పారిస్, రోము, బుడాపెస్టు, అన్నీ మంచులోనో చినుకుల్లోనో చూశారు. ఎక్కడికి పోయినా సగం తలుపులు మూసే ఉండేవి. గుళ్ళకు మరమ్మతులు, విగ్రహాలకు చెక్క తొడుగులు. సిరిల్‌కు అవేమీ పట్టేవి కావు. కాఫీ హోటల్లో కూర్చుంటే ఎవరో వచ్చి తనకు కప్పు అందించడమే అతనికి పట్టాభిషేకం. వడ్డించినవాడికి నాలుగుసార్లు ధన్యవాదాలు చెప్పేవాడు. తిన్నాక అలవాటు చొప్పున ప్లేట్లు ఒకదానిమీద ఒకటి పేర్చబోతే ఎడ్నా చేతిమీద ఒక్కటి వేసేది.

ఆమెకు మాత్రం అతిథిగా ఉండడం చేతకాలేదు. హోటలు గదిలో కాలు పెట్టగానే మంచం కింద చూసేది, తువ్వాలు వాసన చూసేది, తలుపు పైచెక్కమీద వేలు రాసి దుమ్ము చూపించేది.

"ఊరు చూడ్డానికొచ్చావా అమ్మాయ్, తనిఖీకొచ్చావా?" అని సిరిల్ ఏడిపించేవాడు.

"డబ్బు పోసి దుమ్ములో పడుకోవడానికైతే రాలేదు" అనేది ఎడ్నా.

నిజానికి ఆ ప్రయాణాలు ఆమెకు నచ్చేవి కావు. కాళ్ళు తడిసేవి, భాష తెలిసేది కాదు, తిండి పడేది కాదు. అయినా ఏ ఏడూ మానలేదు. రైల్లో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సిరిల్ తన మొహంకేసి చూసి మాట్లాడేవాడు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, సిరిల్‌తో అసలే అనలేదు.

పంతొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం జనవరిలో వియన్నా వెళ్ళారు. ముందు ఏడాది సీజన్ ఆఖర్లోనే సిరిల్ మెట్లమీద ఆగడం ఎడ్నా గమనించింది. పెట్టె పట్టుకుని రెండో అంతస్తులో నిలబడి, గోడమీద పటమేదో చూస్తున్నట్టు నటించేవాడు. ఆ పటాన్ని అతను ముప్ఫై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. డాక్టరుకు చూపించుకోమంటే, తనకు వయసొచ్చిందనీ, మెట్లకూ వచ్చిందనీ నవ్వేశాడు. ఈ ఏడు ప్రయాణం మానేద్దామని ఆమె అంటే మొదటిసారి మొహం మాడ్చుకున్నాడు. అతను మొహం మాడ్చుకోవడం ఆమెకు అలవాటు లేదు. సరేనంది.

వియన్నాలో దిగింది చిన్న హోటలు. నడిపే ఆవిడ పేరు హోలుబ్, భర్త పోయినావిడ, అరవై దాటింది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఆ పేటలో ఇంగ్లీషు సైనికుల వంటశాలలో పనిచేసింది. ఆమెకొచ్చిన ఇంగ్లీషంతా అక్కడ నేర్చిందే, అందుకని ఏం మాట్లాడినా హుకుం జారీ చేసినట్టే ఉండేది. "కూర్చో. తిను. తలుపు వెయ్యి, చలి." సిరిల్‌కు ఆవిడ తెగ నచ్చింది. ఎడ్నా గదంతా వెతికింది. దుమ్ము దొరకలేదు. ఆ సాయంత్రమంతా ఆమె ముభావంగా ఉండిపోయింది.

మూడు రోజులు కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగారు. రాజుగారి తోటలో గులాబీ మొక్కలన్నిటికీ చలి తగలకుండా గోనెసంచులు తొడిగి, మెడ దగ్గర తాడు కట్టారు. వరసలు వరసలుగా తలకు ముసుగేసిన ఖైదీల్లా నిలబడి ఉన్నాయవి. సిరిల్ ఒక్కోదాని దగ్గరా ఆగి, సంచికి కట్టిన చీటీమీద పువ్వు పేరు కూడబలుక్కుని చదివాడు. అతను ఆగుతున్నది పేర్లకోసం కాదని, ఊపిరికోసమని ఎడ్నాకు అనిపించింది. అనిపించినా చలికి విసుక్కుంది.

నాలుగోరోజు శుక్రవారం. ఆ ఊళ్ళో ఉన్న పెద్ద రంగులరాట్నం ఎక్కాలని సిరిల్ ఇంటిదగ్గరనుంచే అనుకుంటున్నాడు. ఒక్కో పెట్టె ఒక గదంత ఉంటుందట, పైకి పోతే ఊరంతా కనిపిస్తుందట. నీళ్ళూ మంచూ కలిసి పడుతుంటే అక్కడిదాకా నడిచి వెళ్ళారు. రాట్నం ఆగి ఉంది. మరమ్మతులట. నూనె మరకల బట్టల్లో ఇద్దరు మనుషులు ఇనుప కమ్మీలమీద కూర్చుని రొట్టె తింటున్నారు.

ఎడ్నాకు ఒళ్ళు మండింది. బూట్లలో నీళ్ళు చేరి కాళ్ళు కొయ్యబారాయి.

"ఇన్నేళ్ళూ మూసిన తలుపులు చూపించడానికే తిప్పావు నన్ను" అంది.

సిరిల్ తల వెనక్కి వాల్చి రాట్నంకేసి చూస్తున్నాడు. "తెరిచిన తలుపులు చూడాలంటే ఎండాకాలం రావాలి అమ్మాయ్. ఎండాకాలం మనం వచ్చేస్తే మన తలుపు ఎవరు తీస్తారు?" అన్నాడు.

"వచ్చే ఏడు నువ్వొక్కడివే పో. నేను రాను."

అని గిరుక్కున తిరిగి నడిచింది. తిరుగు దారిలో సిరిల్ రెండుసార్లు ఎక్కడో కూర్చున్నాడు. ఆమె మాత్రం ఆగలేదు, ముందు నడిచి మలుపుల దగ్గర నిలబడి, అతను కనిపించగానే మళ్ళీ నడిచింది.

హోటల్లో కింద భోజనాల గదిలో బాప్తిజం విందు జరుగుతోంది. పసిపిల్ల ఏడుపూ, గ్లాసుల చప్పుడూ మెట్లదాకా వినిపిస్తున్నాయి. గదిలోకి రాగానే సిరిల్ కోటైనా విప్పకుండా మంచంమీద వాలాడు. తడిసిన బూట్లు పక్కదుప్పటిమీద పెట్టాడు.

"బూట్లు తియ్యి. ఎవరిదో దుప్పటి" అంది ఎడ్నా.

"ఒక్క నిమిషం. ఊపిరి తీసుకోనీ" అన్నాడు సిరిల్.

ఆమె తన మేజోళ్ళు విప్పుకుని నడవా చివరనున్న స్నానాలగదిలోకి పోయింది. కోపంగా ఉన్నప్పుడు బట్టలు ఉతకడం ఆమెకు అలవాటు. రెండుసార్లు సబ్బు పెట్టింది. పిండుకుని తిరిగొచ్చేసరికి సిరిల్ అలాగే ఉన్నాడు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, నోరు ఏదో చెప్పబోతున్నట్టు ఉంది. తలుపులోంచి చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఇన్నేళ్ళు ఇల్లు నడిపినదానికి నిద్రపోయేవాడెవడో పోయినవాడెవడో తెలుస్తుంది. మేజోళ్ళు గది వెచ్చగా ఉంచే వేడినీళ్ళ గొట్టంమీద ఆరేసింది. అతని బూట్ల తాళ్ళు విప్పింది, తడికి ముడులు బిగుసుకుపోయి గోళ్ళు నొప్పెట్టాయి. బూట్లు తీసి జతగా మంచం కింద పెట్టింది. దుప్పటిమీది మరకను తువ్వాలుతో తుడిచింది. తర్వాత కిందికి వెళ్ళి, వడ్డన చూసుకుంటున్న హోలుబ్‌ను వేలితో పిలిచింది.

డాక్టరు వచ్చాడు, గుండె అన్నాడు, వెళ్ళిపోయాడు. హోలుబ్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి నిలబడింది. ఏదో అడగాలనీ అడగలేకపోతోందనీ ఎడ్నా పోల్చుకుంది. ఆ నిలబడడం ఆమెకు కొత్తది కాదు.

పదిహేనేళ్ళ కిందట, ఆగస్టు నెలలో, ఇల్లు కిటకిటలాడుతున్న రోజున, బార్న్‌స్లీ గనుల్లో పనిచేసే టింగిల్ అనే ముసలాయన పై అంతస్తు గదిలో పోయాడు. ఎడ్నా అలాగే తలుపు వేసి నిలబడింది. మిగతావాళ్ళ సెలవులు పాడవకూడదు కదా. ఫలహారాలయ్యి అందరూ ఒడ్డుకు పోయేదాకా ఆయన భార్యను అంట్లు తోమే గదిలో కూర్చోబెట్టింది. ఎత్తడానికి వచ్చిన మనుషులను వెనకదారిన రమ్మంది. ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. ఆయన ముందు గుమ్మంలోంచి సంతోషంగా పెట్టె పట్టుకుని వచ్చాడు, ఆ గుమ్మంలోంచే పోనివ్వమ్మా అని. ఎడ్నా కుదరదంది. సిరిల్ ఆ రోజంతా ఎడ్నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు హోలుబ్ గొంతు సవరించుకుంది. "కింద విందు" అని, ఆపైన సైనికుల దగ్గర నేర్చిన మాటల్లో ఇలాంటిదానికి పనికొచ్చేది దొరక్క ఊరుకుంది.

"తెలుసు. వెనక మెట్లున్నాయిగా" అంది ఎడ్నా.

హోలుబ్ ఆమెను పరీక్షగా చూసింది. "మీదీ ఇదే పనా?"

"ఇదే పని."

"నువ్వు చెప్పు. ముందునుంచి అంటే ముందునుంచే. విందు నేను ఆపుతా."

ఎడ్నా కిందికి చెవి ఒగ్గింది. కిందనుంచి పాట మొదలైంది, పసిబిడ్డను చేతులు మార్చుకుంటూ ఆడిస్తున్నారు కాబోలు. "పసిబిడ్డ ఉంది కింద. వెనకనుంచే తీసుకెళ్ళండి. ముందు మెట్ల మలుపులో ఎలాగూ శవప్పెట్టె తిరగదు, వచ్చిన రోజే చూశాను" అంది.

అలా సిరిల్ అక్రాయిడ్ బంగాళాదుంపల బస్తాల పక్కనుంచి, పాల డబ్బాల పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఎడ్నా వాకిలిదాకా వెంట నడిచింది. పైన కోటు వేసుకోవడం మరిచిపోయింది. హోలుబ్ వెనకనుంచి శాలువా కప్పి, "ఇప్పుడు వద్దు. లోపలికొచ్చి ఏడు" అంది.

ఎడ్నా లోపలికి వెళ్ళాక కూడా ఏడవలేదు.

శని, ఆదివారాలు ఆఫీసులు మూశారు. సోమవారంనాడు కాగితాలు మొదలయ్యాయి, ఎప్పటికి అవుతాయో ఎవరూ చెప్పలేదు. గదిలో ఆమె ఉండలేకపోయింది. మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి, హోలుబ్‌ను అడక్కుండానే ఉతికిన గుడ్డల గంప ముందుకు లాక్కుని చేతిరుమాళ్ళు మడవడం మొదలుపెట్టింది. హోలుబ్ చూసింది. కాసేపటికి ఇంకో గంప తెచ్చి పక్కన పెట్టింది. వచ్చినవాళ్ళు వింతగా చూసినా ఇద్దరూ పట్టించుకోలేదు. ఆ వంటింట్లో ఎడ్నా గుడ్లు వేయించింది, దుంపలు చెక్కింది, పనిపిల్ల సరిగ్గా తుడవలేదని మందలించింది. మందలింపు ఏ భాషదైనా ఆ పిల్లకు అర్థమైంది.

ఇంటిదగ్గర పక్కింటి ఐవీకి ఫోను చేసింది. ఐవీ కూడా బోర్డింగ్ హౌస్ నడిపే మనిషే, ఆ సమయానికి స్పెయిన్ వెళ్ళకుండా కాలు బెణికి ఊళ్ళోనే ఉంది. కాసేపు ఏడ్చి, ఆయన్ని తీసుకొచ్చెయ్యి, వీధి వీధంతా వస్తుంది, ఇక్కడే మీ అత్తామామల పక్కన పెడదాం అని చెప్పింది.

"ఇక్కడే పెట్టేస్తున్నానే" అంది ఎడ్నా.

ఐవీ ఏడుపు ఆపేసింది. "మతిపోయిందా నీకు? దిక్కులేనివాడా సిరిల్? భాష తెలీని ఊళ్ళో పారేసొస్తావా?"

"అక్కడ జీవితమంతా జనం పెట్టెలు మోశాడు. మనిషిలా కూర్చుని కాఫీ తాగింది ఇలాంటి ఊళ్ళల్లోనే. ఇక్కడే ఉండనీ."

ఐవీ చాలా మాటలంది, అందులో కొన్ని చాలాకాలం మనసులో ఉండిపోయేవి. ఎడ్నా అన్నీ విని ఫోను పెట్టేసింది. తను చేస్తున్నది మంచో చెడో ఆమెకూ తెలియదు. ఆ ఊరు ఆమెకు నచ్చనైనా లేదు. అతనికి ఎక్కడ బాగుంటుందని మాత్రమే ఆలోచించింది. ఆ ఆలోచన ముందెప్పుడైనా చేసి ఉండాల్సిందని కూడా తోచింది.

ఊరి చివర శ్మశానం ఒక పట్టణమంత ఉంది, లోపల దారులకు పేర్లు కూడా ఉన్నాయి. నేల గడ్డకట్టి ఉంది. మట్టి పెళ్ళలు పెట్టెమీద రాళ్ళు పడ్డట్టు పడ్డాయి. ఇంగ్లీషు పాదిరీ, హోలుబ్, ఎడ్నా, అంతే జనం. వెనక్కి వచ్చేటప్పుడు ట్రాములో ఎదురు సీటు ఖాళీగా ఉంది. అప్పుడు ఎడ్నాకు ఏడుపొచ్చింది. హోలుబ్ ఆమెకేసి చూడకుండా, జనానికి అడ్డంగా లేచి నిలబడింది.

ఆ ఈస్టర్‌కు ఎడ్నా మామూలుగానే తలుపు తెరిచింది. గుడ్లు వేయించడానికి ఒక మనిషిని పెట్టుకుంది, వాడి చెయ్యి నచ్చక మాన్పించి తనే వేయించుకుంది. పాతవాళ్ళు సిరిల్ ఏడని అడిగితే వియన్నాలో ఉన్నాడని చెప్పేది. కొందరు ఆవిడను వదిలేసి పోయాడనుకున్నారు, ఆమె వాళ్ళను సరిదిద్దలేదు. వానరోజుల్లో జనాన్ని బయటికి పంపే రివాజు మాత్రం మానేసింది. ఎందుకని ఐవీ అడిగితే, గొడుగులిచ్చే మనిషి లేడుగా అంది.

ఏటా జనవరిలో వియన్నా పోయేది. వేసవిలో పోయి సమాధిమీద పువ్వులు పెట్టే తీరిక ఆమెకు ఉండదు. మంచు పడే రోజుల్లో పెట్టిన పువ్వు గంటలో నల్లబడేది. పొద్దున ట్రాము ఎక్కి శ్మశానానికి పోయి, రాతిమీది మంచు చేత్తో తుడిచి, కాసేపు నిలబడి వచ్చేది. మాట్లాడేది కాదు. సమాధులతో మాట్లాడేవాళ్ళంటే ఆమెకు చిరాకు. మధ్యాహ్నం నుంచి హోలుబ్ వంటింట్లో ఉండేది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకళ్ళ పనిలో ఒకళ్ళు తప్పులు వెతుకుతూ కూర్చునేవారు. "దుంప తొక్క మందం. దండగ" అనేది హోలుబ్. "నీ పులుసులో ఉప్పు సముద్రం" అనేది ఎడ్నా. పెద్ద రంగులరాట్నం ఎక్కుదాం పదమని హోలుబ్ ఒక్కసారే అడిగింది. ఎడ్నా తల అడ్డంగా ఊపింది, మళ్ళీ ఆ మాట రాలేదు.

కొన్నేళ్ళకు హోలుబ్ పోయింది. ఆమె తమ్ముడి కొడుకు ఆ హోటలు అమ్మేశాడు. తర్వాతి జనవరిలో ఎడ్నా స్టేషను దగ్గర వేరే హోటల్లో దిగింది. అక్కడ వంటిల్లు ఎక్కడుందో కూడా తెలియలేదు. గది చూడడానికి పద్ధతిగానే ఉంది, ఆమె మంచం కిందికి వంగి చూడలేదు. శ్మశానానికి పోయి వచ్చి, కోటు విప్పకుండా మంచం అంచున చీకటి పడేదాకా కూర్చుంది. తలుపు తట్టి తువ్వాళ్ళు మార్చాలా అని పనిమనిషి అడిగితే, అక్కర్లేదని తలుపు వేసేసుకుంది. మర్నాడే రైలెక్కేసింది. అదే ఆఖరిసారి.

తుంటి నొప్పి ముదిరాక ఇల్లు అమ్మి, స్కార్‌బరోలోనే వృద్ధుల ఆశ్రమంలో చేరింది. వియన్నా శ్మశానాల్లో చోటు శాశ్వతం కాదు, గడువు తీరితే మళ్ళీ అడిగి పొడిగించుకోవాలి. అడగనివాళ్ళ చోటు వేరేవాళ్ళకిస్తారు. గడువు దగ్గరపడిందని అక్కడినుంచి కబురొచ్చినప్పుడు ఐవీ ఆమెను చూడ్డానికి వచ్చి ఉంది. పొడిగించమని రాసెయ్యనా అని ఐవీ అడిగింది. ఆవిడకూ వయసు మీదపడింది, పాత కోపాలు పోయాయి.

"ఎవరికోసం? నేను పోలేను. నువ్వు పోలేవు. మంచు తుడిచేవాళ్ళు లేరు" అంది ఎడ్నా.

"మరి సిరిల్?"

"గది ఖాళీ అయితే ఇంకొకరికి ఇస్తారు. మనం చెయ్యలేదూ? సిరిల్ పక్కకి జరిగి చోటిస్తాడు. అతనంతే."

ఐవీకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఎడ్నా విసుక్కుని, ముక్కు తుడుచుకోమని తన చేతిరుమాలు ఇచ్చింది. ఆ తర్వాతి వసంతంలో ఆ చోటు వేరే కుటుంబానికి వెళ్ళిపోయింది. ఎవరో ఏమిటో ఎడ్నా కనుక్కోలేదు. ఆ ఆశ్రమంలో మరో నాలుగేళ్ళు ఉంది. పొద్దున్నే ఎవరో గుడ్డు వేయించి బల్లమీద పెట్టేవారు. ఆమె సగం తిని, ప్లేటు పక్కకు నెట్టి, కిటికీలోంచి సముద్రంకేసి చూస్తూ కూర్చునేది. జులై నెలలో ఒడ్డంతా జనం. వాళ్ళలో ఎవరినీ ఆమె ఎరగదు.